ఒక్కపొద్దు నాటి గోలీ

భివండి, శాంతి నగర్,
జులై 3.

రాజమణి చిన్నమ్మకు,

నీ ముప్పై ఒకటో ఉత్తరం అందింది. బుధవారం మా ట్రస్టు ఆఫీసులో ముసలివాళ్ల ఇళ్లకు తిరిగే మేం నలుగురం కూర్చుని చదువుకున్నాం. నేను తెలుగులో చదివి మరాఠీలో చెబుతుంటే పూనం నోటుబుక్కులో ఎక్కించుకుంది. ముప్పై నాలుగేళ్లు ఏఎన్ఎంగా ఊరూరా తిరిగి నువ్వు నేర్చుకున్నది మాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. ఇదంతా ఫోనులో చెప్పించుకోవచ్చు కదా అని మా దీపాలి మేడం నవ్వుతుంది. మా గల్లీలో రెండు పక్కలా మగ్గాల సాంచాలు నడుస్తుంటే ఫోనులో మాట ఎక్కడ వినిపిస్తుంది? వినిపించినా పూనం దాన్ని ఏ నోటుబుక్కులో దాచుకుంటుంది?

ఇక అసలు సంగతి. నువ్వు చెప్పిన గోలీల సంచి కుట్టించాను. కోరా గుడ్డ మీద వారానికి ఏడు జేబులు, ఒక్కో జేబుకు ఒక్కో రంగు. చదువు రానివాళ్లకు కూడా రంగు తెలుస్తుంది. నేను చూసుకునే నలభై రెండు మంది ముసలివాళ్లకూ ఇచ్చి, నా చేత్తోనే తలుపు పక్కన మేకుకు తగిలించాను. ఆదివారం సాయంత్రానికి జేబులన్నీ ఖాళీ కావాలి.

దుర్గవ్వ గురించి ఇంతకు ముందు రాశాను కదా. డెబ్బై ఒక్క ఏళ్లు. కోరుట్ల దిక్కు నుంచి పెళ్లయిన ఏడాదికే వచ్చి, ముప్పై ఏళ్లు కండెలు చుట్టింది. ఇప్పుడు సాంచాలు నడిచే గాలా వెనక ఒక్క గది ఖోలీలో కొడుకు రాములు, కోడలితో ఉంటుంది. షుగరు బాగా ఎక్కువ. గోలీలు కొన్ని వేసుకునేది, కొన్ని దాచేది. సంచి చూసి మొదట తిట్టింది. "ఏందే పిల్లా, నేను బడికి పోతున్ననా, నువ్వు హాజరు తీసుకుంటున్నవ్?" అంది. ఇప్పుడు ఆరు వారాలుగా ఒక్క జేబు కూడా మిగలలేదు. నేను గల్లీ మలుపు తిరగగానే సంచి ఎత్తి చూపిస్తుంది.

నలభై రెండు మందిలో ఒక్కరూ తప్పలేదు. మా ట్రస్టులో ఇట్లాంటి ఫలితం ఎవరికీ రాలేదని మేడం అంటోంది. ఇంకేమైనా ఉంటే రాయి. నీకు తెలిసినవన్నీ మాకు కావాలి.

నీ జమున

మెట్‌పల్లి,
జులై 19.

జమునా బిడ్డా,

సంచి కుట్టించావు, మంచిది. కానీ ఖాళీ జేబు చూసి మురిసిపోకు. ముసలివాళ్లు మనకంటే తెలివైనవాళ్లు. నేను తిరిగిన ఊళ్లలో ఒక తాత రోజూ గోలీని కోడికి వేసేవాడు. దిండు కింద చూడు, తమలపాకుల డబ్బాలో చూడు. నోరు తెరిచి నాలుక ఎత్తమను. సిగ్గుపడకు, వాళ్లు మనల్ని ఎత్తుకుని పెంచినవాళ్లే.

రెండోది. వాళ్ల కాళ్లు నువ్వే కడుగు. కడిగితే పుండు ఎక్కడుందో చేతికే తెలుస్తుంది. చెప్పుల లోపల చెయ్యి పెట్టి తడుము. షుగరు ఉన్నవాళ్లకు చెప్పులో మేకు దిగినా తెలియదు.

గోలీ విషయంలో మెత్తగా ఉండకు. పండుగ వచ్చిందని, పెళ్లి ఉందని, ఊరికి పోతున్నామని వంద సాకులు చెబుతారు. ఏ సాకూ వినకు. శ్రావణం వస్తోంది, ఎవరు ఏం తింటున్నారో కాస్త కనిపెట్టి ఉండు.

మోకాళ్ల నొప్పులు తప్ప నాకేం బాధ లేదు. పూనం అనే ఆ పిల్ల రాసుకున్నది సరిగ్గా రాసిందో లేదో నువ్వు మళ్లీ చూడు.

రాజమణి

భివండి,
ఆగస్టు 15.

చిన్నమ్మా,

దుర్గవ్వ పడిపోయింది.

మొన్న సోమవారం మధ్యాహ్నం మూడింటికి రాములు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నేను పోయేసరికి ఖోలీ గడపకు అడ్డంగా పడి ఉంది. ఒళ్లంతా చెమట, జాకెట్టు పిండితే నీళ్లు కారేలా ఉంది. పిలిస్తే ఏదో గొణిగింది. నిజాంపురా దవాఖానకు రిక్షాలో వేసుకుపోయాం. షుగరు ముప్పై ఎనిమిదికి పడిపోయింది. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. పడటంలో తుంటి ఎముక విరిగింది. రేపు ఆపరేషను.

గోలీలు మానేసి ఉంటుందని నాకు కోపం వచ్చింది. ఆ ఖోలీలోనే నిలబడి కోడలిని అడిగాను కూడా. ఆమె సంచి తెచ్చి నా ముందు పెట్టింది. సోమవారం జేబు ఖాళీ. అప్పుడంది: "శ్రావణ సోమారం గద అక్కా, రాజన్న దేవుని ఒక్కపొద్దున్నది. తక్కిన సోమారాలు చాయ్‌ల ఇంత రొట్టె ముంచుకుంటది, శ్రావణంల మాత్రం పొద్దుగూకినంకనే తింటది. ఇదివరకైతే సోమారం నాడు గోలి ముట్టకపోయేది. నువ్వే గద, ఒక్క జేబు గూడ మిగలొద్దన్నవ్."

విన్నావా? ఆమె అంతకు ముందు దాచిన గోలీలు ఈ సోమవారాలవే. తిండి లేని రోజు గోలీ వేసుకోకూడదని ఎవరూ చెప్పకుండానే తనకు తెలుసు. తను చేస్తున్న సరైన పనిని నేను మాన్పించాను. పైగా శభాష్ అన్నాను.

రాములు నన్ను తప్పు పట్టలేదు. దవాఖాన మెట్ల మీద కూర్చుని, "నువ్వు మంచికే చేసినవ్ వదినా" అన్నాడు. దానికంటే తిట్టినా బాగుండేది.

ఇంకొకటి. మన సంచిని ట్రస్టు వాళ్లు తొమ్మిది సెంటర్లలో పెడతారట. అక్టోబరులో థాణేలో పెద్ద మీటింగు, అందులో నేనే నిలబడి చెప్పాలట. నాలుగు వందల మంది ముసలివాళ్లు, చిన్నమ్మా. దుర్గవ్వ ఎందుకు పడిందో నేను ఇంకా మేడానికి చెప్పలేదు. మార్చిలో నా కాంట్రాక్టు అయిపోతుంది.

నీకు ఎప్పుడైనా ఇట్లా జరిగిందా? వెంటనే రాయి.

జమున

మెట్‌పల్లి,
ఆగస్టు 27.

జమునా,

ఆ వయసులో పడటాలు ఉంటాయి. నువ్వు తోయలేదు. రిపోర్టులో పడిందని రాయి, ఎముక విరిగిందని రాయి. కారణాలు రాయడం డాక్టర్ల పని. నీకు ఇద్దరు పిల్లలు, ఉద్యోగం పోగొట్టుకోకు.

ఇకముందు ఒక్కపొద్దు ఏ రోజో ముందే అడిగి పెట్టుకో. నేనైతే ఎప్పుడూ మొదట అదే అడుగుతాను. ప్రతి ఒక్కరి కొంగుకు ఇంత చక్కెర పొట్లం కట్టించు.

ఆపరేషను ఎట్లా అయిందో రాయి.

రాజమణి

భివండి,
సెప్టెంబరు 9.

చిన్నమ్మకు,

ఆపరేషను బాగానే అయింది. దుర్గవ్వ ఇంటికి వచ్చింది. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేస్తోంది, నన్ను తిడుతోంది. తిడుతోందంటే బాగున్నట్టే.

ఇప్పుడు నీతో మాట్లాడాలి. "నేనైతే ఎప్పుడూ మొదట అదే అడుగుతాను" అని రాశావు. నీ ఉత్తరాలన్నీ ఒక డబ్బాలో దాచుకున్నాను. నిన్న అన్నీ తీసి మొదటి నుంచి చదివాను. గోళ్లు ఎట్లా తీయాలో రాశావు. కట్టుడు పళ్లు ఏ నీళ్లలో వేయాలో రాశావు. మంచం పట్టినవాళ్లను పక్కకు తిప్పేటప్పుడు నా నడుము ఎట్లా కాపాడుకోవాలో బొమ్మ గీసి మరీ పంపావు. ఒక్కపొద్దు అనే మాట ఎక్కడా లేదు. శ్రావణం వస్తోంది, ఎవరు ఏం తింటున్నారో కనిపెట్టమన్నావు, అంతే. నీకు తెలుసు. తెలిసి కూడా మాట మింగేశావు. ఎందుకు?

నా తప్పు కూడా చెబుతాను. మా ఫారంలో రోజా ఉపవాసం గురించి ఒక ప్రశ్న ఉంది. నిజాంపురాలో ముస్లిం ముసలివాళ్లను రంజానుకు నెల ముందే అడుగుతాం, డాక్టరు దగ్గరికి తీసుకుపోయి గోలీల వేళలు మార్పిస్తాం. ఒక్కరు కూడా పడలేదు. మన తెలుగోళ్లను మాత్రం ఎవరూ అడగలేదు. అడగాల్సింది నేను. నాకు తట్టలేదు, ఎందుకంటే నేనూ శనివారం ఒక్కపొద్దు ఉంటాను. మనింట్లో అమ్మ ఉండేది, అమ్మమ్మ ఉండేది. గాలి పీల్చుకుంటున్నావా అని ఎవరైనా అడుగుతారా?

ఇప్పుడు నలభై రెండు ఇళ్లకూ మళ్లీ తిరిగి అడిగాను. ఇరవై ఏడు మంది ఏదో ఒక రోజు ఒక్కపొద్దు ఉంటున్నారు. అందులో పదకొండు మంది షుగరు గోలీ వేసుకునేవాళ్లు. లక్ష్మీనర్సయ్య తాత అయితే వారానికి రెండు రోజులు. "ఇన్నేండ్ల నుంచి ఉంటున్న బిడ్డా, నువ్వు అడిగితే చెప్పకపోదునా" అన్నాడు. పదకొండు మందినీ డాక్టరు దగ్గర కూర్చోబెట్టి గోలీలు మార్పించాను. దీపాలి మేడానికి కూడా అంతా చెప్పేశాను. ఆమె ముఖం మాడ్చుకుంది, కానీ మీటింగులో చెప్పొద్దని అనలేదు.

అక్టోబరు ఐదున థాణేలో నేను ఇదే చెబుతాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పక్కనే పూర్ణలో గోడౌన్ల పని ఉంది. నువ్వు చెప్పేది ఏమైనా ఉంటే ఆ లోపల రాయి.

జమున

మెట్‌పల్లి,
సెప్టెంబరు 24.

బిడ్డా,

నాలుగు సార్లు రాసి చింపేశాను. ఇది ఐదోది.

పదకొండేళ్ల కింద నా సెంటరు పరిధిలో ఒక మనిషి ఉండేవాడు. బీడీల కంపెనీలో తూకం వేసేవాడు. కొత్తగా షుగరు వచ్చింది. నేనే పరీక్షకు పంపి, నేనే గోలీలు తెచ్చి ఇచ్చాను. ఏ రోజూ తప్పొద్దని అతని భార్య చేత ఒట్టు పెట్టించినంత పని చేశాను. మహాశివరాత్రి నాడు పొద్దున గోలీ వేసుకున్నాడు. ఉపవాసం. మధ్యాహ్నం గుడి వరుసలో కూలిపోయాడు. మా సెంటరుకు తెచ్చేసరికి ఒళ్లంతా చెమట, నువ్వు రాసినట్టే. నా చేతుల్లోనే పోయాడు. గుండె ఆగిందని రిజిస్టరులో రాశాను. భార్య అడిగింది, ఆమెకూ అదే చెప్పాను. మర్నాడు వాళ్లింట్లో గోలీల అట్ట చూస్తే శివరాత్రి నాటిది లేదు. ఏం జరిగిందో అప్పుడు నాకు అర్థమైంది.

ఆనాటి నుంచి ఏ ఇంటికి పోయినా మొదట ఒక్కపొద్దే అడిగాను. తర్వాత ఒక్కరికీ అట్లా కానివ్వలేదు. కానీ ఎందుకు అడుగుతున్నావని తోటి ఏఎన్ఎంలు అడిగితే మాట మార్చాను. నీకు ఉత్తరాలు రాసేటప్పుడు కూడా కలం అక్కడికి వచ్చి ఆగేది. అది రాస్తే అతని గురించి రాయాలి. నాలుగు ముక్కలు రాసి ఉంటే నీ దుర్గవ్వ పడేది కాదు. అది నాకు తెలుసు, నువ్వు కొత్తగా చెప్పనక్కర లేదు.

ఈ ఉత్తరం మీటింగులో చదువు. పేర్లు మాత్రం వద్దు. అతని భార్య మా వెనక గల్లీలోనే ఉంటుంది, రోజూ ఎదురుపడుతుంది. నాకు అంత ధైర్యం లేదు.

చిన్నమ్మ

భివండి,
అక్టోబరు 8.

చిన్నమ్మా,

నీ ఉత్తరం చదివి నాకు కోపం పోలేదు. నీ మీద జాలి కూడా కలిగింది. రెండూ ఉన్నాయి, దాచను.

మీటింగు అయింది. అరవై మంది కార్యకర్తలు, పైనుంచి పెద్ద సార్లు. మేడం నా పేరు పిలిచి చప్పట్లు కొట్టించింది. నేను లేచి దుర్గవ్వ సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. సంచి మంచిదే, ఒక్కపొద్దు అడగకుండా ఇస్తే చంపుతుందని చెప్పాను.

తర్వాత భూషణ్ సార్ లేచాడు. ట్రస్టులో లెక్కలు చూసే పెద్దాయన. చెడ్డవాడు కాదు, కానీ ఒక్క సంఘటనను పట్టుకుని మంచి పద్ధతిని ఆపలేం అన్నాడు. ఫారంలో కొత్త ప్రశ్న పెట్టాలంటే మళ్లీ అందరికీ ట్రైనింగు ఇవ్వాలి, నెలలు పడుతుందన్నాడు. అప్పుడు నేను నీ ఉత్తరం చదివాను. పేరు లేదు, ఊరు లేదు, రాసింది ఎవరో తెలియదు, దీన్ని రుజువుగా ఎట్లా తీసుకుంటాం అన్నాడు. నిజమే కదా. నేను అతని స్థానంలో ఉన్నా అదే అడుగుతాను.

ఇరవై రెండున చివరి నిర్ణయం. నవంబరు ఒకటిన సంచులు పంచుతారు. నవంబరు రెండు నుంచి కార్తీకం, నాలుగున మొదటి సోమవారం. తొమ్మిది సెంటర్లలో మనవాళ్లు ఎంత మంది ఉన్నారో నీకు నేను చెప్పాలా?

పేర్లు కావాలి చిన్నమ్మా. నిన్ను బలవంతం చేయడం లేదని రాయబోయాను. అబద్ధం, చేస్తున్నాను. అయితే ముందు ఆమెకు చెప్పకుండా మాత్రం నాకు పేరు రాసి పంపకు. ఎక్కడో థాణేలో అరవై మందికి తెలిసి ఆమెకు తెలియకపోతే అది ఇంకో తప్పు అవుతుంది.

జమున

మెట్‌పల్లి,
అక్టోబరు 16.

బిడ్డా,

పోయాను.

అతని పేరు బుచ్చిరాములు. ఆమె లసుమవ్వ. మొన్న సోమవారం పొద్దున పోయాను. వాకిట్లో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. గుండె ఆగలేదు లసుమవ్వా, తిండి లేకుండా గోలీ పడి షుగరు దిగిపోయింది, నేను చెప్పిన మాట వల్లే పోయాడు, నాకు మర్నాడే తెలిసింది అన్నాను.

ఆమె చాట కింద పెట్టింది. తర్వాత ఇట్లా అంది. "ఆయన వద్దన్నడు. దేవుని పూట గోలి ఎందుకే, రేపు ఏసుకుంట అన్నడు. నేనే నోట్లె ఏసి నీళ్లు తాపిన. ఒక్కపొద్దు చెడగొట్టిన, అందుకే శివుడు తీస్కపోయిండు అనుకున్న. గా పాపం కడుక్కుందామని పదకొండేండ్ల నుంచి సోమారం సోమారం పచ్చి మంచినీళ్లు ముట్టకుంట ఉంటున్న."

జమునా, ఆమె సోమవారాలు ఉపవాసం ఉంటుందని నాకు తెలుసు. భక్తి అనుకున్నాను. నా నోరు మూసుకుని నేను కాపాడుకున్నది నా పేరు. దానికి శిక్ష ఆమె పడింది. నా చేత్తో మందు తిన్నవాళ్లు వేల మంది ఉంటారు, ఒక్క మనిషికి నేను చేసిన ఈ అన్యాయానికి ఆ లెక్కలేవీ పనికిరావు.

ఆమె ఏడవలేదు. "పదకొండేండ్లు నా గడప ముందటికెళ్లి పోయినవ్ రాజమణీ" అంది. అంతే, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తెల్లారి తనే మా ఇంటికి వచ్చింది. ఉత్తరం కాగితం తీయమంది. "పేరు పెట్టి రాయి. నా పెనిమిటి పేరు, నా పేరు, ఊరు పేరు, నీ పేరు. గోలి నేను ఏసిన అని గూడ రాయి. ఇంకో ఆడిది తన చేతితోని ఎయ్యొద్దు" అంది. రాసింది చదివించుకుని కింద వేలిముద్ర వేసింది. చాయ్ పెట్టాను, తాగలేదు. నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. మాట్లాడకపోయినా నాకు న్యాయమే.

ఆ కాగితం, నా సంతకంతో నేను రాసింది, రెండూ ఇందులో ఉన్నాయి. పాత రిజిస్టరులో తప్పు రాశానని ఇక్కడి పెద్ద డాక్టరుకు కూడా రాసి ఇచ్చాను. పెన్షను మాట ఏమవుతుందో వాళ్లిష్టం. మీ భూషణ్ సార్ ఇంకేమైనా అడిగితే నా ఫోను నంబరు ఇవ్వు. అతని ప్రశ్నలకు సాంచాల చప్పుడు అడ్డం రాదు.

రాజమణి

భివండి, శాంతి నగర్,
అక్టోబరు 25.

చిన్నమ్మా,

ఇరవై రెండున చదివాను. లసుమవ్వ మాటలు ముందు తెలుగులోనే చదివాను. హాలులో సగం మందికి అర్థం కాకపోయినా ఆమె మాట ఆమె మాటగానే వినిపించాలని. తర్వాత మరాఠీలో చెప్పాను. చివరి ముక్కలు పూనం తన నోటుబుక్కులో రాసుకున్నది చూసి పూర్తి చేసింది.

అప్పుడు కళ్యాణ్ సెంటరు నుంచి వచ్చిన సాగర్ లేచి, వాళ్ల దగ్గర చతుర్థి ఉపవాసం నాడు ఒక ముసలి ఆజీ అట్లాగే పడిందని, ఎండకు అని రాసుకున్నామని చెప్పాడు. తర్వాత ఇంకో ఇద్దరు. ముగ్గురూ తలకాయలు దించుకునే చెప్పారు. భూషణ్ సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని, సంచులు ఆపమన్నాడు. ప్రతి ఇంట్లో ఉపవాసం ఏ రోజో అడిగి, డాక్టరు గోలీలు సరిచేశాకే సంచి ఇవ్వాలి. ట్రైనింగుకు నెలలు అక్కర్లేదని తేలింది, వారం చాలు. ఆ ట్రైనింగు నేనే ఇవ్వాలట. నా కాంట్రాక్టు గురించి ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు, రేపు ఉల్హాస్‌నగర్, ఎల్లుండి కళ్యాణ్ పోవాలి.

ఈ ఉత్తరాన్ని నిన్న దుర్గవ్వ మంచం పక్కన కూర్చుని రాయడం మొదలుపెట్టాను. ఎవరికి రాస్తున్నావంటే అంతా చెప్పాల్సి వచ్చింది. ఎముక కుదిరే దాకా సోమవారాలు తినాలని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమె నాతో రోజూ పోట్లాడుతోంది. లసుమవ్వ సంగతి విని తనే ఒక మాట చెప్పింది, ఉన్నది ఉన్నట్టు రాయమని నా చేత రెండు సార్లు చదివించుకుని మరీ రాయించింది.

"గామెకు చెప్పుమను. గదే గోలి, గదే సోమారం, నేను బతికిన. పాపముంటే నేను గూడ పోవాలె గద. సోమారం నాడు నేను అన్నం తింటున్న, గామెను గూడ తినుమను. రాజన్న అడిగితే ఇద్దరం కలిసి చెప్తం."

నువ్వే పోయి చెప్పాలి చిన్నమ్మా. తలుపు తీయకపోతే బయట నిలబడే చదువు.

జమున